పోపు లేని కూరలు

అక్టోబర్ 7

వెనక పోర్షన్ వాళ్లు వెంటిలేటర్‌లో తడిగుడ్డ కుక్కారు. నా వంటింటికీ వాళ్ల గదికీ మధ్య గోడలో, అటక పక్కన ఉంటుంది ఆ వెంటిలేటర్. ఇల్లు కట్టించినప్పుడు గాలి ఆడాలని మా ఆయన పట్టుబట్టి పెట్టించాడు. పొద్దున పప్పులోకి ఎండుమిరపకాయలు వేయించి తలెత్తి చూస్తే పసుప్పచ్చ చీర ముక్క ఒకటి నన్ను వెక్కిరిస్తున్నట్టు వేలాడుతోంది.

ఒళ్లు మండింది. అశోక్‌నగర్ పిల్లలకు కూరలు అమ్మడం నాకు నిన్న మొన్నటి పని కాదు. గ్రూప్స్ అని, కానిస్టేబుల్ అని, టీచర్ పోస్టులని ఎక్కడెక్కడి ఊళ్ల నుంచో వచ్చి హాస్టల్ గదుల్లో అన్నం మాత్రం వండుకునే పిల్లలు, సాయంత్రమయ్యేసరికి నా గేటు ముందు నిలబడేది ఆ పోపు వాసనకే. నేను వంకాయకు పోపు వేస్తే చిక్కడపల్లి లైబ్రరీలో చదువు సాగదని వాళ్లే అంటారు. అలాంటిది నా వంటకు ముక్కు మూసుకునే మనుషులు నా ఇంట్లోనే కిరాయికి దిగారు.

స్టూలెక్కి గరిటె కాడతో ఆ గుడ్డను అవతలికి తోసేశాను. వచ్చి అడిగితే నాలుగు మాటలు అనాలని సిద్ధంగా ఉన్నాను. ఆ పోర్షన్‌లో ఉండే రేణుక రాలేదు, అడగలేదు.

అక్టోబర్ 8

మళ్లీ గుడ్డ. మళ్లీ తోసేశాను.

అక్టోబర్ 10

ఈ రోజు గుడ్డ లేదు. దారికొచ్చారు.

మాసమ్మ కూరగాయలు తరుగుతూ, వాళ్లతో నీకెందుకమ్మా పంతం అంది. మాసమ్మ రోజూ అంబర్‌పేట్ నుంచి బస్సులో వస్తుంది. తరగడం, కడగడం ఆమె పని. నాకు బుద్ధులు చెప్పడం కూడా అందులో భాగమే అనుకుంటుంది.

అక్టోబర్ 13

వెనక పోర్షన్ వాళ్లను ఖాళీ చేయమనాలా వద్దా అని రెండు రోజులుగా ఆలోచిస్తున్నాను. రాస్తే ఏదో ఒకటి తేలుతుందని రాస్తున్నాను.

కరుణాకర్‌కు కోఠిలో పుస్తకాల షాపులో పని. పొద్దున పోయి చీకటి పడ్డాక వస్తాడు. రేణుక తలెత్తి మాట్లాడదు. పాప పేరు భాను. ఏడో నెలలోనే పుట్టేసిందట. ఊపిరితిత్తులు ఇంకా తయారుకాకముందే బయటపడితే నెలల తరబడి మిషన్ మీద పెట్టి బతికించారట. ఆ మిషన్ ఒత్తిడికే లేత ఊపిరితిత్తులు కొంత పాడయ్యాయట కూడా. అందుకని ఇంటికి వచ్చాక కూడా ముక్కులో సన్న గొట్టం పెట్టి రాత్రింబవళ్లు ఆక్సిజన్ ఇవ్వాలి. గదిలో మూలన చిన్న బీరువా సొరుగంత మిషన్ గుర్రుమంటూనే ఉంటుంది. పసిపిల్లల ఊపిరితిత్తులు రెండు మూడేళ్ల దాకా కొత్తగా పెరుగుతూనే ఉంటాయట, పెరిగిన కొద్దీ గొట్టం అవసరం తగ్గుతుందట. ఈ జబ్బులే చూసే పిల్లల డాక్టరమ్మ, సంధ్య గారని, నారాయణగూడలో ఉంది. ఆమెకు దగ్గరగా ఉండాలనే వీళ్లు ఈ వైపు ఇల్లు వెతుక్కున్నారు.

నేనేమీ జాలిపడి ఇవ్వలేదు. పోర్షన్ ఖాళీగా ఉంది, ఇచ్చాను. మిషన్ సంగతి సామాను దించేటప్పుడే తెలిసింది. ఇప్పుడు కూరకు వచ్చిన వాళ్లు ఆ చప్పుడేంది ఆంటీ, ఇంట్ల పేషెంట్ ఉన్నరా అని అడుగుతున్నారు. తినే వస్తువు అమ్మే చోట ఆ మాట మంచిది కాదు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నేను పోపు వేసే వేళకే ఆ పాప లేస్తుంది. సరిగ్గా అప్పుడే గోడ అవతల దగ్గు వినిపిస్తుంది. పొట్టిదానికి అప్పుడే వాసన తెలిసిపోతోంది. పెద్దయితే మంచి భోజనప్రియురాలు అవుతుంది.

దీపావళి పోయాక ఖాళీ చేయమని చెబుతాను.

అక్టోబర్ 16

రేణుక గుమ్మం దగ్గర నిలబడి నసిగింది. పాప దగ్గరికి వచ్చేవాళ్లందరూ జలుబు జ్వరం రాకుండా ఇంజెక్షన్ వేయించుకోవాలని డాక్టరమ్మ చెప్పిందట. పెద్దవాళ్లకు ఉత్త జలుబే, ఆ పాపకు అంటితే మాత్రం ఆసుపత్రేనట. నేనేమైనా మీ పాప దగ్గరికి వస్తున్నానా అన్నాను. తల వంచుకుని వెళ్లిపోయింది.

సాయంత్రం వేయించుకున్నాను. నారాయణగూడ మార్కెట్‌కు ఎలాగూ వెళ్లాను, దారిలోనే కదా అని. జబ్బ నొప్పిగా ఉంది.

అక్టోబర్ 20, దీపావళి

ఈ రోజు గల్లీ అంతా నన్ను తిట్టుకుని ఉంటుంది. మా గేటు నుంచి మూలమీది టీ కొట్టు దాకా ఒక్క టపాసు కాల్చనివ్వలేదు. కాల్చాలంటే మెయిన్ రోడ్డుకు పొమ్మన్నాను. ఎదురింటాయన, పండగ పూట ఇదేం జబర్దస్తీ అన్నాడు. లోపల పసిపిల్ల ఉంది, ఊపిరాడని పిల్ల, నీకు టపాసులే ముఖ్యమా అని అడిగాను. నోరు మూసుకుని పెట్టె లోపలికి తీసుకుపోయాడు.

అసలు వారం నుంచీ ఇదే పని. మేడమీద కిరాయికుండే అమ్మాయిల దోమల కాయిల్స్ పట్టుకొచ్చి చెత్తలో పడేశాను. పొద్దున ఆకులు పోగేసి తగలబెట్టే మున్సిపాలిటీ ఆమెను అడ్డుకున్నాను. గేటు పక్కన నిలబడి సిగరెట్ కాల్చే వాళ్లను ఆ చివరికి తరిమాను. దేవుడికి అగరబత్తీ కూడా మానేశాను, పూలతో సరిపెట్టుకో అని చెప్పుకున్నాను. ఇప్పుడు మా గేటు లోపల పొగ అనేదే లేదు.

రేణుక కిటికీలోంచి చూస్తోంది.

అక్టోబర్ 21

పండగ మరునాడు గిరాకీ ఎక్కువ. పండుమిరప కారంలోకి, పప్పులోకి, వంకాయలోకి కలిపి మూకుడు నిండా వేయించాను. పాప చాలాసేపు దగ్గింది. రాత్రి మెయిన్ రోడ్డు మీద కాల్చిన టపాసుల పొగ ఇంకా పోలేదు. మనుషులకు బుద్ధి లేదు.

అక్టోబర్ 30

ఖాళీ చేయమని ఇంకా చెప్పలేదు. కార్తీకమాసం నడుస్తోంది. ఈ నెలలో చెప్పడం బాగుండదు.

నవంబర్ 4

రేణుక తలస్నానం చేసి ఎన్నాళ్లయిందో. పాపను ఒంటరిగా వదిలి బాత్రూంలో అంతసేపు ఉండలేదు. ఆ జడ చూస్తుంటే నాకే దురద పుట్టింది. పిల్లను ఇటిచ్చి పోయి తల రుద్దుకో అన్నాను, కాస్త గట్టిగానే.

ఒళ్లో బరువే తెలియలేదు. తొమ్మిది నెలల పిల్ల నాలుగు నెలల పిల్లలా ఉంది. గొట్టం జారకుండా రెండు చెంపల మీదా ప్లాస్టర్లు, వాటి అంచుల్లో ఒరుసుకుపోయిన చర్మం. కాలి బొటనవేలికి రక్తంలో ఆక్సిజన్ ఎంతుందో చూపే ఆక్సీమీటర్. నంబరు తొంభై మూడు పైన ఉండాలి, దిగితే కేకేయమని రేణుక చెప్పి వెళ్లింది. నేను పాప మొహం చూడడం మానేసి ఆ నంబరునే చూస్తూ కూర్చున్నాను. పాప మాత్రం నన్నే చూసింది. నా ముక్కుపుడక నచ్చినట్టుంది, చెయ్యి చాపి పట్టుకుని వదల్లేదు.

రోజూ ఆ వేళకు నా దగ్గర ఉంచమన్నాను. వంట మధ్యలో కాసేపు కూర్చుంటే నా మోకాళ్లకు కూడా మంచిది. అంతకు మించి ఏమీ లేదు.

నవంబర్ 11

వంటింట్లో పోపు మాసమ్మకు అప్పగించి పాప దగ్గర కూర్చున్నాను. నంబరు తొంభై అయిదు. పాప నా గాజులు లాగుతోంది. గోడ అవతల నూనె కాగింది, మిరపకాయలు చుయ్యిమన్నాయి. మాసమ్మ నా కంటే రెండింతలు వేస్తుంది, చెప్పినా వినదు. వెంటిలేటర్ లోంచి ఘాటు దిగింది. నాకే గొంతులో గరగరమంది.

పాప ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. తర్వాత ఆగలేదు. తొంభై రెండు. తొంభై. ఎనభై ఏడు. పెదవుల రంగు మారింది. నేను కేకేశానో లేదో గుర్తు లేదు. రేణుక తడి జుట్టుతో పరుగెత్తుకొచ్చి, మిషన్ మీట తిప్పి గాలి పెంచి, పాపను భుజాన వేసుకుని, కొంగుతో దాని మొహం కప్పి, గొట్టం అందినంత దూరం వాకిట్లోకి నడిచింది. రోజూ చేసే పనిలా, తడబడకుండా చేసింది.

చలి మొదలైంది. పొద్దుటి పూట గాలి మంచిది కాదు. చలికే అయి ఉంటుంది.

నవంబర్ 12

చలి.

నవంబర్ 15

ఎండుమిరపకాయలు నిండుకున్నాయి. మాసమ్మ వెళ్లి తెచ్చేసరికి పోపు ఆలస్యమైంది. పాప దగ్గు కూడా ఈ రోజు ఆలస్యంగా మొదలైంది. పిల్లలకు అన్ని రోజులూ ఒకేలా ఉండవు.

నవంబర్ 22

పొద్దున రేణుక అరుపు విని పరుగెత్తాను. రెండు రోజులుగా పాపకు ముక్కు కారుతోంది. ఈ రోజు జ్వరం, డొక్కలు ఎగరేస్తోంది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. కరుణాకర్ పుస్తకాల పార్సిళ్లు పట్టుకుని వరంగల్ వెళ్లాడు. నేనే ఆటో పిలిచాను. చిన్న సిలిండర్ నా కాళ్ల మధ్య, పాప రేణుక ఒళ్లో. నారాయణగూడ ఫ్లైఓవర్ కింద సిగ్నల్ పడితే ఆటో దిగి ట్రాఫిక్ వాళ్లతో గొడవ పెట్టుకున్నాను.

డాక్టరమ్మ వెంటనే తాను కూడా చూసే పెద్దాసుపత్రిలో చేర్పించింది. మాస్కు పెట్టి గట్టిగా గాలి ఇచ్చే మిషన్‌కు మార్చారు. పాప కాస్త కుదుటపడ్డాక డాక్టరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుని అన్నీ అడిగింది. ఎవరికి జలుబు చేసింది, ఏం తాగింది, గొట్టం ఎప్పుడైనా ఊడిందా. తర్వాత అడిగింది.

"ఇంట్ల పొగ ఏమన్న ఉంటదా అమ్మా? కట్టెల పొయ్యి, సిగరెట్, మిరపకాయల ఘాటు, ఏదన్న?"

రేణుక నా వైపు చూడలేదు. "ఏం లేదు మేడం," అంది.

డాక్టరమ్మ నన్ను చూసింది. నేను పాప కాలికి ఉన్న తీగను చూస్తూ నిలబడ్డాను.

నవంబర్ 23

రాయడానికి ఏమీ లేదు. కర్రీ పాయింట్ తెరవలేదు.

నవంబర్ 24

తెరవలేదు.

నవంబర్ 25

అది చలి కాదు. టపాసులు కాదు. పాప నా పోపు వాసనకు ఇష్టంగా లేచేది కాదు. ఇంత చిన్న సంగతి రాయడానికి ఇన్ని పేజీలు ఖర్చు చేశాను.

మధ్యాహ్నం ఆసుపత్రికి అన్నం పట్టుకెళ్లాను. వార్డు బయట బెంచీ మీద రేణుకను కూర్చోబెట్టి, తినేదాకా ఆగి, డాక్టరమ్మకు అబద్ధమెందుకు చెప్పావని అడిగాను. డబ్బాకు మూత పెట్టి పక్కన పెట్టింది.

"చెప్తే ఇల్లు మారమంటది పెద్దమ్మా. యాడికి పోవాలె? హిమాయత్‌నగర్ల, నారాయణగూడల మేం తిరగని గల్లీ లేదు. మిషన్ చూడంగనే తలుపేసిన్రు. మీరొక్కరే ఇచ్చిన్రు."

మరి నాకైనా చెప్పొచ్చు కదా అన్నాను.

"గుడ్డ పెట్టిన కద పెద్దమ్మా," అంది. "మీరు తీసేసిన్రు."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. నేను కూడా కోపం తెచ్చుకుని ఇంటికి వచ్చేదాన్ని.

లేచి తిన్నగా డాక్టరమ్మ గదికి వెళ్లాను. బయట వరసలో ఉన్నవాళ్లు ఏదో అన్నారు, వినిపించుకోలేదు.

"మేడం, రేణుక చెప్పలే గానీ పొగున్నది. అది నా పొయ్యిదే," అన్నాను.

ఆమె తిట్టలేదు. ఇప్పుడు వచ్చింది వైరస్ వల్ల, ఈ సీజన్‌లో చాలామంది పిల్లలకు వస్తోంది, మీ వల్ల కాదు అంది. నా ప్రాణం లేచి వచ్చింది. అయితే ఆమె అక్కడితో ఆగలేదు. మిరపకాయల ఘాటు, కాగిన నూనె పొగ రోజూ తగులుతుంటే ఆ ఊపిరితిత్తులు వాచిపోయే ఉంటాయి, కొత్తగా పెరగాల్సినది సరిగా పెరగదు, గొట్టం తీసే రోజు వెనక్కి వెనక్కి పోతుంది అని విడమరిచి చెప్పింది. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే ఏమవుతుందని అడిగాను. అది అడక్కండమ్మా, ఈ చలికాలం మంచిగా చూసుకుందాం అంది.

నవంబర్ 27

పాప వచ్చేలోపు మేస్త్రీని పిలిచి వెంటిలేటర్ మూయించాను. ఇటుకలు పేర్చి సిమెంటు చేసి, గది రెండుసార్లు కడిగించాను. మా ఆయన ఉంటే నాతో మాట్లాడేవాడు కాదు. గాలి పిచ్చి ఆయనకు. పాపను చూసి ఉంటే ఆయనే ఇటుకలు అందించేవాడు.

డిసెంబర్ 3

పాప వచ్చింది. చిక్కిపోయింది, కళ్లు మాత్రం అలాగే ఉన్నాయి. నా ముక్కుపుడక మర్చిపోలేదు.

డిసెంబర్ 5

గోడ మూసేశాం కదా అని పొద్దున ఒక్క గరిటె పోపు వేశాను, వంటింటి తలుపు కూడా దగ్గరగా వేసి. ఘాటు నా కిటికీ లోంచి వాకిట్లోకి వెళ్లి, అక్కడి నుంచి వాళ్ల తలుపు కింద దూరింది. దగ్గు వినబడింది. పొయ్యి ఆపేసి, మూకుడు అలాగే పట్టుకుని గేటు దాటి రోడ్డు మీదికి పరుగెత్తాను. టీ కొట్టు దగ్గర ఉన్నవాళ్లు తుమ్ముతూ లేచి నిలబడ్డారు.

ఈ ఇంట్లో ఇక పోపు లేదు.

డిసెంబర్ 8

ఉడికించిన కూరలతో మూడో రోజు. దోసకాయ పప్పు, సొరకాయ పాలు పోసిన కూర, కొబ్బరి వేసిన బీరకాయ. ఉప్పు, పులుపు, పచ్చిమిర్చి అన్నీ సరిగానే ఉన్నాయి. అయినా పోపు లేని కూర కూర కాదని నాకు ఒకరు చెప్పాలా. ఎప్పుడూ వచ్చే నాగేందర్, రెండుసార్లు గ్రూప్ టూ రాసి మూడోసారికి చదువుతున్నవాడు, పప్పు రుచి చూసి, ఆంటీ, మా నాయినకు ఆపరేషన్ అయినప్పుడు ఆస్పత్రిల గిదే పెట్టిన్రు అన్నాడు. వెనకున్న వాళ్లంతా నవ్వారు. నేను కూడా నవ్వాను. లోపలికి వచ్చి ఏడ్చాను. నా చేతి వంటను చూసి నవ్వడం నా ఎరుకలో ఇదే మొదలు.

మాసమ్మ చూసింది. నా చేతిలోంచి గరిటె తీసుకుని వడ్డించడానికి వెళ్లింది.

డిసెంబర్ 10

మాసమ్మే దారి చూపింది. వాళ్ల ఇంటి వెనక రేకుల కింద ఖాళీ జాగా ఉంది, అక్కడ పెళ్లిళ్లకు వంటలు చేస్తారు. అక్కడ వేయించుకో అంది. తెల్లవారగానే నూనె, ఆవాలు, మిరపకాయలు, వెల్లుల్లి సంచిలో వేసుకుని అంబర్‌పేట్ బస్సెక్కాను. మూకుడు నిండా పోపు చేసి, స్టీలు క్యాన్‌లో పోసి మూత బిగించి, ఆటోలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. మూత సందులోంచి ఘాటు వచ్చి ఆటో అతను దారంతా తుమ్మాడు. ఏముందమ్మా అందులో, బాంబా అన్నాడు.

చల్లారిన పోపు కూరలో కలిపితే రుచి వస్తుంది, వాసన రాదు. పోపు కూర మీద చుయ్యిమని పడాలి. ఆ చప్పుడుకే సగం ఆకలి పుడుతుంది. కానీ హాస్పిటల్ తిండి అనే మాట మాత్రం తప్పింది.

ఇంటికి రాగానే పాప దగ్గరికి వెళ్లబోయి ఆగిపోయాను. నా చీరంతా అదే వాసన. స్నానం చేసి, చీర మార్చి వెళ్లాను. నేను స్నానం చేసేదాకా పాప నా గొంతు విని తలుపు వైపే చూస్తూ ఉందని రేణుక చెప్పింది.

డిసెంబర్ 19

వాసన లేదు కాబట్టి గేటు ముందు వరసా లేదు. హిమాయత్‌నగర్ వెళ్లే దారిలో కొత్త కర్రీ పాయింట్ తెరిచారట, అక్కడ రోడ్డు మీదే మూకుడు పెట్టి పోపు వేస్తారట. మా పిల్లలు సగం మంది అటే.

కరుణాకర్ వచ్చి, మావల్ల మీ దుకాణం పోతున్నది, మేం వేరే ఇల్లు చూసుకుంటం అన్నాడు. ఎంత ఆలోచించి వచ్చాడో, నిలబడే ఉన్నాడు. నువ్వెంత, నీ మాటెంత, పోయి అన్నం తిను అని కసిరాను. తలుపు వేసుకున్నాను. రెండు నెలల కింద ఆ మాట నేనే అనాలనుకున్నాను కదా. ఇప్పుడు ఆ గది ఖాళీ అయితే ఈ ఇంట్లో నేనేం చేయాలో నాకు తెలియదు.

జనవరి 6

డాక్టరమ్మ గాలి సగానికి తగ్గించింది. నంబరు నిలబడింది.

జనవరి 7

నిలబడింది.

జనవరి 11

పొద్దున దిగింది. తొంభై. నేను ఏమీ వేయించలేదు. నేను ఏమీ వేయించలేదు. చీర కూడా మార్చుకునే వెళ్లాను. రేణుక నవ్వి, గొట్టం మూసుకుపోయింది పెద్దమ్మా అని చీమిడి తీసి సరిచేసింది. తొంభై అయిదు.

జనవరి 23

ఇంకా తగ్గించారు. పగలు గంట సేపు గొట్టం తీసి చూడమన్నారు. ఆ గంటా నేనూ రేణుకా పాపకు అటొకరూ ఇటొకరూ కూర్చుని నంబరునే చూశాం. పాపకు ఏం తెలుసు, ప్లాస్టర్ లేని తన చెంప తానే తడుముకుంది. ముక్కు ఎంత చిన్నదో ఈ రోజే చూశాను.

అంబర్‌పేట్ నుంచి వచ్చేటప్పుడు బస్సులో ఒకామె, నీ దగ్గర మంచి పోపు వాసన వస్తోంది, ఎక్కడ వంట చేస్తావని అడిగింది. చాలా రోజుల తర్వాత ఎవరో అడిగారు. దారంతా ఆమెతో మాట్లాడాను.

ఫిబ్రవరి 10

రాత్రంతా గొట్టం లేకుండా నిద్రపోనిచ్చి నంబర్లన్నీ రాసుకునే మీటర్ పెట్టారు. పొద్దున కరుణాకర్ అది పట్టుకుని నారాయణగూడ వెళ్లాడు. నేను అంబర్‌పేట్ వెళ్లలేదు. ఏ కూరా చేయలేదు. బియ్యంలో రాళ్లు ఏరుతూ కూర్చున్నాను. ఈ కాలం బియ్యంలో రాళ్లెక్కడుంటాయి.

మధ్యాహ్నం ఫోన్ వచ్చింది. రేణుక ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని అలాగే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. తీసేయమన్నరంట పెద్దమ్మా అంది.

మిషన్ ఇంకొన్నాళ్లు ఇంట్లోనే ఉంచాలట, జలుబు చేస్తే మళ్లీ అవసరం పడొచ్చట. పొగ, ఘాటు ఇంకో రెండేళ్లు దగ్గరికి రానివ్వొద్దట. రానివ్వను. అంబర్‌పేట్ బస్సు కండక్టర్‌కు నేను ఇప్పటికే తెలుసు.

ఫిబ్రవరి 14

ఈ రోజు జరిగింది రాసి పడుకుంటాను.

సాయంత్రం పాప నా ఒళ్లో ఆడుకుంటోంది. గేటు దగ్గర కూరలకు నలుగురైదుగురు వచ్చారు. నాగేందర్ కూడా వచ్చాడు, ఆ రోడ్డు మీది కూరలు తిని కడుపు పాడైందట. పాపను చాప మీద కూర్చోబెట్టి, లేచి వచ్చేశాను. రెండు గరిటెలు పప్పు కట్టానో లేదో, వెనక నుంచి ఏడుపు మొదలైంది.

నేను దింపేసి వచ్చానని ఏడుస్తోంది.

పాప వచ్చిన దగ్గర నుంచీ మాకు ఏడుపంటే భయం. ఏడిస్తే నంబరు పడిపోయేది, పెదవులు నల్లబడేవి. మూలుగు మొదలవగానే ఎవరో ఒకరు పరుగెత్తి ఎత్తుకునేవాళ్లం. ఆ పిల్లకు ఎప్పుడూ పూర్తిగా ఏడిచే అవకాశమే ఇవ్వలేదు. గరిటె గిన్నెలో పడేసి లోపలికి పరుగెత్తాను.

రేణుక అప్పటికే వంగి రెండు చేతులూ చాపింది. పాప మొహం ఎర్రబడి, నోరు ఇంత తెరిచి, కళ్లు గట్టిగా మూసుకుని ఏడుస్తోంది. కాలి వేలికి మీటర్ ఉంది. ఇద్దరం ఒకేసారి అటు చూశాం. తొంభై అయిదు. ఇంకా గట్టిగా ఏడ్చింది. తొంభై అయిదు. ఊపిరి బిగబట్టి, ఆగి, మళ్లీ అందుకుంది. తొంభై ఆరు.

నేను రేణుక చెయ్యి పట్టుకున్నాను.

"జర సేపు ఏడ్వనియ్యి బిడ్డా," అన్నాను.

రేణుక అలాగే నేల మీద కూర్చుంది. నేనూ పక్కన కూర్చున్నాను. మాసమ్మ గుమ్మంలోకి వచ్చి, ఏమైందని అడగబోయి, మా ఇద్దరి మొహాలు చూసి ఆగిపోయింది. మేమిద్దరం ఏడుస్తున్నాం, పాప మా ఇద్దరికంటే గట్టిగా ఏడుస్తోంది. గేటు దగ్గర ఎవరో కూర ఇమ్మని పిలుస్తున్నారు. ఆ ఏడుపులో సరిగా వినబడలేదు.